నలుగురూ కలిసి సూపర్‌హీరో లోకం కట్టుకోవాలంటే: 'మైక్రోస్కోప్' గేమ్ రివ్యూ

ఫ్రెండ్స్‌తో కలిసి సూపర్‌హీరో రోల్‌ప్లేయింగ్ గేమ్, అంటే తలా ఒక పాత్రలో మాట్లాడుతూ కథ నడిపే ఆట, మొదలుపెట్టాలని ఉందా? హీరోల పవర్లు, డ్రెస్సులు, పేర్లు రాసుకోకముందే బెన్ రాబిన్స్ తయారుచేసిన మైక్రోస్కోప్ కొని, ఒక రెండు ఆదివారాలు దానికి కేటాయించండి. 2011లో వచ్చిన చిన్న పుస్తకం ఇది. డైస్ అక్కర్లేదు, కథని నడిపించే గేమ్ మాస్టర్ అక్కర్లేదు, ఇద్దరి నుంచి నలుగురి దాకా ఆడొచ్చు. చేసే పని ఒక్కటే, అందరూ కలిసి ఒక చరిత్ర తయారుచేయడం. సూపర్‌హీరోల కోసమే రాసింది కాదు, రాజ్యాల కథకైనా అంతరిక్షం కథకైనా పనికొస్తుంది. మేము మాత్రం సూపర్‌హీరోల కోసమే కొన్నాం.

అంతకుముందు మేం చేసిన పద్ధతి చెబితే దీని విలువ తెలుస్తుంది. ఆన్‌లైన్లో ఒక డాక్యుమెంట్ పెట్టుకుని, ఎవరికి తోచింది వాళ్లు రాయండి అనుకున్నాం. నెల తిరిగేసరికి నలభై పేజీలైంది, అందులో ముప్పై పేజీలు ఒక్కడే రాశాడు. వాడు బాగానే రాశాడు, వాడి తప్పేం లేదు. కానీ మిగతా ముగ్గురం అది పూర్తిగా చదవలేదు, చదవని లోకంలో ఆడాలంటే ఎవరికీ మనసొప్పలేదు, మొదటి సెషన్ కూడా జరగకుండానే ఆగిపోయింది.

మైక్రోస్కోప్‌లో మొదట చరిత్ర మొత్తాన్ని ఒక్క వాక్యంలో చెప్పుకోవాలి. మేం రాసుకున్నది: "విశాఖ సముద్రం మనుషులకు శక్తులు ఇస్తుంది, మూడు తరాల తర్వాత వెనక్కి తీసుకుంటుంది." తర్వాత ఆ చరిత్ర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రెండు కార్డులు రాసి టేబుల్‌కి రెండు చివరలా పెట్టాలి. మా మొదటి కార్డు 1971 డిసెంబరు, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయిన రాత్రి. మా కథలో ఆ రాత్రి సముద్రం అడుగున ఇంకేదో కూడా నిద్రలేచింది. చివరి కార్డు, శక్తులన్నీ పోయిన రోజు. అవును, ముగింపు ముందే తెలిసిపోతుంది. ఇక మిగతా ఆటంతా ఆ రెండిటి మధ్య ఎక్కడ పడితే అక్కడ కాలాలు, వాటి కింద సంఘటనలు, ఆ సంఘటనల కింద సన్నివేశాలు చేర్చుకుంటూ పోవడమే. వరసగా వెళ్లక్కర్లేదు.

ఆ తర్వాత వచ్చే 'పాలెట్' సూపర్‌హీరో లోకానికి ప్రాణం లాంటిది. మామూలుగా ఊహించని వాటిలో ఏవి ఈ లోకంలో ఉండొచ్చు, ఊహించే వాటిలో ఏవి ఉండకూడదు అని తలా ఒకటి చెబుతూ ఒక లిస్టు రాస్తారు. మేం వద్దనుకున్నవి: చనిపోయినవాళ్లు తిరిగి రావడం, టైమ్ ట్రావెల్, గ్రహాంతరవాసులు. కావాలనుకున్నవి: శక్తి ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఉద్యోగం, సముద్రానికి దూరమయ్యే కొద్దీ శక్తి తగ్గిపోవడం. దీని మీద గంట సేపు మాట్లాడుకున్నాం, ఆ గంట వృథా కాలేదు. పవర్లకు హద్దు లేకపోతే పోయేది మొత్తం కథే, ఆ హద్దు ఇక్కడే గీసుకోవాలి.

ఇక్కడి వరకు అందరూ మాట్లాడుకోవచ్చు. ఆట మొదలయ్యాక మాత్రం ఎవరి వంతులో వాళ్లే నిర్ణయించాలి. మిగతావాళ్లు సలహా ఇవ్వకూడదు, "ఇలా పెడితే బాగుంటుంది కదా" అనకూడదు. సరిగా అర్థం కాకపోతే వివరం అడగొచ్చు, అంతే. ముందు రాసినదానికి విరుద్ధంగా, పాలెట్లో వద్దన్నదానితో రాయకూడదు, ఆ రౌండుకి ఒకరు ఎంచుకున్న అంశానికి సంబంధం ఉండాలి, అంతే. ఈ రూల్ చదివినప్పుడు ఇదేం కలిసి ఆడటం అనిపించింది. ఇప్పుడైతే, ఈ పుస్తకానికి నేను పెట్టిన డబ్బు ఈ ఒక్క రూల్‌కే ఇచ్చానని అనుకున్నా సంతోషమే.

ఎందుకో చెబుతాను. మాలో ఒకడు విశాఖవాడు, ఎక్కువ మాట్లాడడు. పాత డాక్యుమెంట్లో వాడు రాసింది నాలుగు లైన్లు. వాడి వంతు వచ్చినప్పుడు ఒక కార్డు తీసుకుని "2014 అక్టోబరు 12, హుద్‌హుద్. జట్టు రాలేదు" అని రాసి, కింద నల్ల చుక్క పెట్టాడు. ప్రతి కార్డుకూ అది మంచి సంఘటనో చెడ్డదో చెప్పే గుర్తు పెట్టాలి, నల్ల చుక్క అంటే చెడ్డది. మాట్లాడుకునే అవకాశం ఉండుంటే ముగ్గురం వాడి మీద పడిపోయేవాళ్లం, "అదేంట్రా, అంత పెద్ద తుఫానుకి హీరోలు రాకపోతే ఎలా" అని, వాడు సరేలే అని మార్చేసేవాడు. నోరెత్తే వీల్లేదు కాబట్టి ఆ కార్డు అలాగే నిలబడింది. తుఫాను వచ్చినప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడట, వాళ్ల వీధికి రోజుల తరబడి కరెంటు రాలేదట. ఇదంతా ఆట అయ్యాక చెప్పాడు.

నా వంతులో ఆ కార్డు కిందే ఒక సన్నివేశం పెట్టాను. సన్నివేశానికి ముందు ఒక ప్రశ్న రాయాలి, ఆడుతూ జవాబు కనిపెట్టాలి. నా ప్రశ్న, "ఆ రోజు జట్టు ఎందుకు రాలేదు?" జవాబు నాకు కూడా తెలియదు. ఆడుతూ ఆడుతూ తేలింది ఏంటంటే, జట్టు నాయకురాలి శక్తి రెండేళ్ల కిందటే పోయింది, ఎవరికీ చెప్పలేదు, మిగతావాళ్లంతా డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఆమె పిలుపు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు. కాసేపు హాల్లో ఎవరం మాట్లాడలేదు. తర్వాత వంతువాడు 1980ల్లోకి వెనక్కి వెళ్లి, పద్దెనిమిదేళ్ల వయసులో ఆమె మొదటిసారి అలని చేత్తో ఆపిన రోజు రాశాడు. ఆమెకి చివరికి ఏమవుతుందో తెలిసి ఆ రోజు చూడటం వేరేగా ఉంటుంది. కాలంలో వెనక్కీ ముందుకీ వెళ్లగలగడం వల్ల ఈ గేమ్‌లో పెద్ద సంఘటనలకు భయపడక్కర్లేదు, ఊరు ఊరంతా నాశనమైనా, ముందటి కాలానికి వెళ్లి ఆ ఊరిని ఇంకా చూడొచ్చు.

లోపాలు కూడా ఉన్నాయి. పాత్రల్లోకి దిగి ఆడే సన్నివేశాలు కొత్తవాళ్లకి కష్టం, ఎవరు ఏ పాత్ర, ఎవరు తప్పకుండా ఉండాలి, ఎవరు ఉండకూడదు అని తేల్చుకునేసరికే ఊపు తగ్గిపోతుంది. ఇబ్బందిగా ఉంటే జవాబుని నేరుగా చెప్పేయొచ్చు, మొదటిసారి ఆడేవాళ్లు సగం సన్నివేశాలు అలాగే చేయండి. నలుగురి కంటే ఎక్కువైతే వంతు కోసం ఎదురుచూడలేక విసుగొస్తుంది. ఒకే హీరోని పట్టుకుని ముందుకెళ్దామనుకుంటే ఇందులో కుదరదు, ఈ ఆటకి చరిత్రే పాత్ర. కార్డులకి చార్ట్ పేపర్ కత్తిరించుకుంటే సరిపోతుంది, ఫ్యాన్ మాత్రం ఆపేయండి, ప్రతి వంతుకీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇలా తయారైన లోకంలో హీరోలుగా ఆడటానికి మేం వాడుతున్నది మ్యాగ్‌పై గేమ్స్ వాళ్ల మాస్క్స్. టీనేజ్ హీరోల గేమ్ అది, రెండు డైస్ వేసి ఆడతారు. అందులో పెద్దవాళ్లు "నువ్వు ఇలాంటివాడివి" అని చెప్పే మాటలకు పిల్లలు తమను తాము ఎలా చూసుకుంటారో చెప్పే అంకెలు నిజంగా మారిపోతాయి. ఆ గేమ్‌కి దాని సొంత ఊరు హాల్సియన్ సిటీ ఉంది, మేం దాన్ని పక్కన పెట్టి మా విశాఖే పెట్టుకున్నాం. పెద్దవాళ్లను కొత్తగా కల్పించాల్సిన పని రాలేదు, అందరూ కార్డుల మీదే ఉన్నారు. మొదటి సెషన్లో జాలరిపేట కుర్రాడి పాత్ర ఆ పాత నాయకురాలి ఇంటికి వెళ్లి తలుపు కొట్టింది. ఆమె తలుపు తీసి, "సముద్రం నీకిచ్చింది అప్పు, బహుమతి అనుకోకు నాన్నా" అంది. ఆ మాట అన్నది మా విశాఖవాడే. ఆమె ఎప్పుడు మాట్లాడాల్సి వచ్చినా వాడే మాట్లాడాలని అప్పుడే అనుకున్నాం.