వానకీ ఎండకీ ట్రాక్‌కీ ఒకటే జాకెట్ అంటే నమ్మకండి: 18,500 రూపాయలు పోసి తెలుసుకున్నాను

రైడింగ్ జాకెట్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. షాపు పేరు, జాకెట్ పేరు చెప్పను. ఫిర్యాదు నడుస్తోంది. పైగా ఇదే సరుకు వేరే లేబుల్‌తో ఇంకో షాపులో మీకు తగలవచ్చు. మనం ఎక్కడ పడిపోతామో తెలిస్తే చాలు.

పోయిన అక్టోబరులో ట్రాక్ డేకి, అంటే రేస్ ట్రాక్ మీద మామూలు రైడర్లు బండి నడుపుకునే రోజుకి, పేరు ఇచ్చాను. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. నాకు అదే మొదటిసారి. హైదరాబాద్ నుంచి బండి మీదే వెళ్లాలని పట్టుదల. నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, అద్దంకి మీదుగా మేదరమెట్ల దగ్గర హైవే ఎక్కి, ఒంగోలు, నెల్లూరు దాటి చెన్నై. ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. అక్టోబరులో ఆ దారిలో ఒకే రోజు మూడు కాలాలు తగులుతాయి. తెల్లవారుజామున చలిగాలి, పిడుగురాళ్ల దగ్గర అక్కడి సున్నపు బట్టీల్లో నిలబెట్టినట్టు ఎండ, నెల్లూరు దాటాక ఈశాన్య రుతుపవనాల వాన.

షాపులో కుర్రాడు నా అవసరం విని వెంటనే ఒక జాకెట్ తీశాడు. “అన్నా, పైన గాలాడే జల్లెడ లాంటి మెష్ గుడ్డ, లోపల జిప్పుతో తగిలించుకునే పొరలు, వాన లైనర్, చలి లైనర్. సీఈ లెవెల్ 2. ట్రాక్‌కి కూడా ఇదే వేస్తారు. ఇది తీసుకుంటే ఇంకోటి కొనే పనే లేదన్నా.” రోడ్డుకి ఒకటి, ట్రాక్‌కి ఒకటి కొనే స్తోమత నాకు లేదు. అందుకే ఆ మాట అంత తియ్యగా వినిపించింది. జాకెట్‌కి వేలాడే అట్ట మీద ‘సీఈ లెవెల్ 2’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. సీఈ అంటే యూరప్ భద్రతా ప్రమాణాలకి సరిపోతుందనే ముద్ర, రెండు లెవెల్స్‌లో 2 పైది. డబ్బు కట్టేశాను.

ఎండలో ఆ జాకెట్ బాగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మెష్‌లోంచి గాలి ఆడుతుంటే దాచేపల్లి, పిడుగురాళ్ల హాయిగా దాటాను. కథ నాయుడుపేట దాటాక మొదలైంది. చినుకులు పడగానే ఒక టీ బంకు దగ్గర ఆగి, జాకెట్ విప్పి, జేబులు ఖాళీ చేసి, లైనర్ తీసి లోపల జిప్పులు తగిలించి మళ్లీ వేసుకునేసరికి పది నిమిషాలు. అప్పటికే సగం తడిశాను. తర్వాత అసలు సంగతి అర్థమైంది. లైనర్ లోపల ఉంటే పైనున్న మెష్ స్పాంజిలా నీళ్లు తాగుతుంది. ఆ తడి గుడ్డలోంచి గాలి కొడుతుంటే, ఒళ్లు తడవకపోయినా వణుకు పుడుతుంది. నాకైతే ఒళ్లు కూడా తడిసింది. పై జేబులో పెట్టుకున్న పర్సు, ఆర్సీ నానిపోయాయి.

సూళ్లూరుపేటలో లాడ్జి తీసుకుని లైనర్ తిరగేసి చూశాను. కుట్ల మీద టేపు లేదు. గుడ్డ ఎంత మంచిదైనా సూది దిగిన ప్రతి చోటా ఒక చిల్లు పడుతుంది కదా. వాననీటికి ఆ చిల్లులు చాలు. అందుకే సరైన వాన లైనర్‌కి లోపలివైపు ప్రతి కుట్టు మీదా పారదర్శకమైన టేపు అతికించి ఉంటుంది. షాపులో పది సెకన్లు తిరగేసి చూస్తే తెలిసిపోయేది. పొద్దున బజార్లో మామూలు రెయిన్‌కోటు, ప్యాంటు కొని జాకెట్ మీద వేసుకున్నాను. చెన్నై దాకా చుక్క నీరు లోపలికి రాలేదు. వాన రక్షణ పైన ఉండాలి, లోపల కాదు.

ట్రాక్ దగ్గర గేర్ చెక్ చేసే ఆయన జాకెట్‌ని ఒకసారి వెనక్కి తిప్పి, “ప్యాంటుకి కలిపే జిప్పు చూపించండి” అన్నారు. వీపు కింద జానెడు జిప్పు ఉంది కానీ నా ప్యాంటు వేరే కంపెనీది, పళ్లు కలవవు. చుట్టూ కలిసే జిప్పు లేకపోతే పడి జారేటప్పుడు జాకెట్ పైకి లేచిపోయి నడుము, వీపు తారుకి అంటుకుంటాయి. పైగా అది మెష్. కుదరదన్నారు. అప్పుడు చిర్రెత్తింది కానీ ఇప్పుడు ఆయనకి దండం పెడతాను. అక్కడే అద్దెకి లెదర్ సూట్ దొరికింది. అది వేసుకుని నిలబడితే గూని వచ్చినట్టు ఉంటుంది, ట్యాంకు మీదికి వంగితే మాత్రం ఒంటికి అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. మోచేతి దగ్గర ఆర్మర్, అంటే దెబ్బ తగలకుండా లోపల పెట్టే ప్యాడ్, పట్టి లాగినా కదల్లేదు. 3.7 కిలోమీటర్ల ట్రాక్, 12 మలుపులు, రోజంతా సంతోషంగా తిరిగాను. ఆ ముచ్చట ఇంకోసారి.

పడింది ట్రాక్ మీద కాదు. తిరుగు దారిలో అద్దంకి దాటాక, ట్రాక్టర్ చక్రాలు మోసుకొచ్చిన బురద మీద, 40 కూడా లేని స్పీడులో. ముందు చక్రం జారింది, ఎడమ పక్కకి పడి మూడు నాలుగు గజాలు ఈడ్చుకుపోయాను. మోచేతి ఆర్మర్ గుండ్రంగా తిరిగి చేతి లోపలి వైపుకి పోయింది. భుజం నుంచి మోచేతి దాకా ఒంటి వరస కుట్టు దారం పట్టి లాగినట్టు విడిపోయింది. మోచేతి చర్మం లేచిపోయింది, ఎముకకి ఏమీ కాలేదు, అదృష్టం.

ఇంటికొచ్చాక జాకెట్ మొత్తం విప్పి టేబుల్ మీద పరిచాను. ఇక్కడే అసలు కిటుకు ఉంది. మోచేతి, భుజం ఆర్మర్ మీద ‘ఈఎన్ 1621-1, లెవెల్ 2’ అని అచ్చు వేసి ఉంది. ఈఎన్ అంటే యూరప్ ప్రమాణం నంబరు. అంటే అట్ట మీద రాసింది అబద్ధం కాదు. కానీ అది ఆర్మర్ ముక్కలకి వచ్చిన సర్టిఫికెట్, జాకెట్‌కి కాదు. జాకెట్ లోపల కుట్టిన లేబుల్‌లో ఎలా ఉతకాలో మాత్రమే ఉంది. వీపు దగ్గర పెట్టిందేమో పసుప్పచ్చ ఫోమ్ బిళ్ల, దాని మీద ఏ ముద్రా లేదు.

జాకెట్‌కి వేరే ప్రమాణం ఉంది: ఈఎన్ 17092. గుడ్డ ఎంతసేపు ఒరుపు (రోడ్డు రాపిడి) తట్టుకుంటుంది, కుట్లు ఎంత బలానికి తెగుతాయి, చిరుగు ఎలా పాకుతుంది, ఇవన్నీ చూసి ఏఏఏ, ఏఏ, ఏ, బీ, సీ అని తరగతి ఇస్తారు. ఏఏఏ అన్నిటికన్నా గట్టిది, ట్రాక్ లెదర్లు సాధారణంగా అందులో ఉంటాయి. బీ అంటే ఏ లాంటిదే కానీ ఆర్మర్ లేకుండా. సీ అంటే లోపల వేసుకునే ఆర్మర్ చొక్కా లాంటిది, దానికి ఒరుపు రక్షణ లెక్కలోకి రాదు. ఈ తరగతి లోపల కుట్టిన లేబుల్ మీద, బైక్ మనిషి బొమ్మ పక్కన ఉండాలి. వేలాడే అట్ట మీద ఉంటే చాలదు.

వీపుకి మరో నంబరు, 1621-2. మోచేతి ఆర్మర్ లెవెల్ 2లో దెబ్బ పడ్డప్పుడు లోపలికి దిగే సగటు బలం 20 కిలోన్యూటన్లు దాటకూడదు. వీపు లెవెల్ 2లో అది 9 దాటకూడదు. అంత తేడా ఉంది. కాబట్టి ‘లెవెల్ 2’ అని వినగానే “దేనికి లెవెల్ 2 భయ్యా?” అని అడగండి.

సైజు విషయంలోనూ తప్పు నాదే. చలి లైనర్ పడుతుందని ఒక సైజు పెద్దది తీసుకున్నాను. లైనర్ తీసేస్తే చెయ్యి లోపల ఆర్మర్ ఊగులాడింది. షాపు బయట బండి ఎక్కి, హ్యాండిల్ పట్టుకుని వంగి, పక్కవాళ్లని మోచేతి ఆర్మర్ పట్టి తిప్పమనండి. తిరిగితే వదిలేయండి. గ్లౌజులు మణికట్టు దాటి స్లీవ్ మీదికి రావాలి. ట్రాక్ ఆలోచన ఉంటే హెల్మెట్‌కి ఐఎస్ఐ ముద్రతో పాటు డబుల్ డీ రింగు పట్టీ (రెండు రింగుల్లోంచి దూర్చి బిగించేది) ఉందో లేదో కూడా చూసుకోండి.

నేను మళ్లీ కొంటే రోడ్డుకి ఏఏ తరగతి జాకెట్, వీపుకి విడిగా ప్రొటెక్టర్, పైన వేసుకునే రెయిన్ సూట్. ట్రాక్‌కి అద్దె లెదరే.

షాపుకి వెళ్లి అడిగితే “వాడేసిన వస్తువు అన్నా, వాపసు కుదరదు” అన్నారు. బిల్లు మీద ‘యాక్సెసరీస్’ అని తప్ప మోడల్ పేరు కూడా లేదు. ఆ అట్టని నేను మొదటి రోజే పారేశాను. మీరు పారేయకండి, కొన్న రోజే దాన్నీ లోపలి లేబుల్‌నీ ఫోటో తీసి పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే ఆ పేజీ స్క్రీన్‌షాట్ దాచండి. అక్కడ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలో తేల్చాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఉన్నాయి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేశాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు వస్తువుకి అక్కడ ఫీజు లేదు.

అందాకా ఆ జాకెట్ తెగిన చేత్తో మా హాల్లో మేకుకి వేలాడుతోంది. ఇంట్లో బయట పారేయమంటున్నారు. సాక్ష్యం అని ఆపుతున్నాను.