ఎలుగుబంటి తిరిగే తోటకు .315 రైఫిల్ తగినదేనా? ఒక సమీక్ష

హైదరాబాదులో ఉంటూ శ్రీశైలం దారిలో, అచ్చంపేట చుట్టుపక్కల తోటలు కొనుక్కున్న మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "అటువైపు ఎలుగుబంట్లు తిరుగుతాయట కదా, ఏ రైఫిల్ తీసుకోమంటారు?" మా నాన్నగారి తరువాత వారసుడిగా నా లైసెన్సు మీదికి వచ్చిన .315 స్పోర్టింగ్ రైఫిల్ (గొట్టం లోపలి వెడల్పు 0.315 అంగుళం), 12 బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ (లోపల గాడులు లేని రెండు గొట్టాలది) రెండూ నా దగ్గర ఉన్నాయి. రెండింటినీ అనుమతి ఉన్న ఫైరింగ్ రేంజిలో కాల్చి, విప్పి, తుడిచి, నూనె పెట్టి చూసుకుంటున్నవాడిని కనుక, ఆ ప్రశ్నకు నోటిమాటగా కాకుండా వివరంగా రాతలో సమాధానం చెప్పడం మంచిదనిపించింది.

వేట కోసమైతే ఈ చర్చే అవసరం లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత మన దేశంలో సరదా వేటకు చోటు లేదు, అందులోనూ ఎలుగుబంటి మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు. దానిని వేటాడినవారికి మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు జైలుశిక్ష పడుతుంది. కాబట్టి ఇక్కడ రాసేదంతా మనిషి ప్రాణం కాపాడుకోవడానికి సంబంధించినదే.

ముందుగా .315 రైఫిల్ సంగతి. మన దేశంలో లైసెన్సుదారుల చేతుల్లో ఎక్కువగా కనిపించే పెద్ద రైఫిల్ ఇదే; పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారవుతుంది. సైన్యం వాడే .303 తూటా సామాన్యుల చేతికి వెళ్ళకూడదని బ్రిటిష్ ప్రభుత్వం కట్టడి చేసినందువల్ల, ఆస్ట్రియా దేశపు పాత 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్ తూటాను తీసుకుని బ్రిటిష్ సైన్యపు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తరహా బోల్టుకు (చేత్తో లాగి తోస్తే తూటాను లోపలికి పంపి మూసే కడ్డీకి) జత చేశారు. .303 నేటికీ నిషిద్ధ బోర్ జాబితాలోనే (సామాన్యులకు మామూలుగా లైసెన్సు దొరకని కొలతల జాబితాలో) ఉంది, .315 మాత్రం ఆ జాబితాకు వెలుపల ఉంది. దీనికి వాడే మెత్తని ముక్కు తూటా గుండు 244 గ్రెయిన్లు, అంటే సుమారు 16 గ్రాముల బరువుంటుంది. వేగం ఆధునిక తూటాలంత ఉండదు గానీ, బరువైన గుండు నెమ్మదిగా వెళ్ళినా లోతుగా దిగుతుంది కనుక దగ్గరి దూరాలకు ఆ వేగం చాలు.

చేతిలోకి తీసుకుంటే ఈ రైఫిల్ మంచి సమతూకంతో ఉంటుంది. లీ ఎన్‌ఫీల్డ్ బోల్టుకున్న పేరు ఊరికే వచ్చింది కాదు: పిడిని ఎత్తవలసింది దాదాపు 60 డిగ్రీలే కనుక, అలవాటైన చేయి భుజం మీద నుంచి బట్ (వెనుక కొయ్య) తీయకుండానే ఖాళీ గుల్లను బయటికి విసిరి కొత్త తూటాను లోపలికి తోయగలదు. అయితే ఇందులో స్ప్రింగు బిగుసుకునేది బోల్టు తెరిచేటప్పుడు కాదు, మూసేటప్పుడు. కాబట్టి చివరి అంగుళంలో అరచేతికి గట్టిగా ఎదురుతన్నుతుంది. ఆ ఎదురు తెలియనివారు అక్కడే చేయి ఆపేస్తారు, బోల్టు పూర్తిగా మూసుకోదు, ట్రిగ్గర్ నొక్కినా ఏమీ జరగదు. మ్యాగజైనులో తూటాలు పేర్చడంలోనూ ఒక మెలకువ ఉంది. ఈ తూటాకు అడుగున అంచు ఉంటుంది. పైనున్న తూటా అంచు కిందిదాని అంచుకు ముందువైపు ఉండేటట్టు పేర్చకపోతే ఒకదానికొకటి తగులుకుని లోపలే ఇరుక్కుపోతాయి. పగటి వెలుతురులో, బల్ల మీద పెట్టుకుని చేసినప్పుడు ఇదంతా తేలికే. సాయంకాలం చీకటి పడేవేళ, తోట గట్టు మీద, గుండె దడదడలాడుతున్నప్పుడు కూడా అంతే తేలికగా రావాలంటే ఖాళీ డమ్మీ తూటాలతో రోజూ సాధన చేయవలసిందే.

గురి విషయంలో నాకు ఫిర్యాదు లేదు. యాభై గజాల దూరంలో తూటాలన్నీ అరచేయంత జాగాలో పడుతున్నాయి, పొలం అవసరానికి అంతకంటే ఎక్కువ అక్కరలేదు. కానీ దీనికున్నవి లోహపు నల్లని గురిపట్టీలు. ఎలుగు ఒళ్ళూ నలుపే. అది తిరిగేది ముఖ్యంగా మునిమాపు నుంచి తెల్లవారేవరకు. ఆ మసక వెలుతురులో నల్లని పట్టీని నల్లని ఒంటి మీద ఆనిస్తే రెండూ కలిసిపోయి, ఎక్కడ గురి పెట్టామో కంటికి తెలియదు. ముందు పట్టీ కొన మీద చిన్న తెల్లరంగు చుక్క పెట్టుకుంటే చాలావరకు తేడా కనిపిస్తుంది. ఖర్చు లేని ఈ మార్పును ఈ రైఫిల్ ఉన్న ప్రతివారికీ నేను గట్టిగా సూచిస్తాను.

ఎలుగుబంట్ల నుంచి రక్షణకు ఏ ఆయుధం మేలన్న విషయం మీద ఎక్కువగా పరిశోధన జరిగింది అలాస్కాలో. అక్కడ పనిచేసే తమ సిబ్బంది కోసం అమెరికా అటవీశాఖ రకరకాల తూటాలను 15 గజాల దూరంలో పరీక్షించి 1983లో ఫలితాలను ప్రచురించింది. .458, .375, .338 వంటి పెద్ద రైఫిళ్ళు ముందు వరుసలో నిలిచాయి. 220 గ్రెయిన్ల బరువైన గుండుతో .30-06 కూడా బాగా నిలబడింది. 12 బోర్ తుపాకీలో వాడే ఒంటి గుండు వాటితో సాటిరాలేదు. ఇది చదివినవారు రైఫిలే సరైనదని తేల్చేసుకుంటారు. అక్కడి నేలకు, అక్కడి జంతువుకు ఆ మాట నిజమే. అలాస్కా తీరప్రాంతపు గోధుమరంగు ఎలుగు మగది నాలుగైదు వందల కిలోల వరకు తూగుతుంది, దట్టమైన కండరాన్నీ ఎముకనూ చీల్చుకుని పోవాలంటే బరువైన గుండు కావాలి. నల్లమల ఎలుగు మగది సాధారణంగా 80 నుంచి 145 కిలోల మధ్య ఉంటుంది, ఆడది ఇంకా చిన్నది. దానిని ఆపడానికి .315 శక్తి సరిపోవడమే కాదు, మిగులుతుంది కూడా. ఇక్కడి చిక్కు శక్తిది కాదు, దూరానిదీ సమయానిదీ.

మన ఎలుగు మనిషిని తినడానికి రాదు. చెదపుట్టలో మూతి పెట్టి పురుగులను పీల్చుకుంటున్నప్పుడో, ఇప్పచెట్టు కింద పూలు ఏరుకు తింటున్నప్పుడో, పిల్లలతో పొదలో పడుకున్నప్పుడో మనిషి అనుకోకుండా దాని మీదికి వెళ్తాడు. దాని చూపూ వినికిడీ అంత చురుకైనవి కావు. గాలి మనవైపు వీస్తుంటే, మనం కొద్ది అడుగుల దూరానికి వచ్చేదాకా దానికి తెలియకపోవచ్చు. తెలిసిన మరుక్షణం భయంతో మీదపడి, తల మీదా ముఖం మీదా పంజాలు విసురుతుంది. గాయపడి బతికినవారిలో ఎక్కువమంది దెబ్బలు అక్కడే ఉంటాయి. ఇటువంటి దాడిలో మనిషికి దొరికేది రెండు మూడు క్షణాలు. బోల్టు రైఫిల్‌ను జాగ్రత్తగా మోసుకెళ్ళేవారు గొట్టం మొదట్లో తూటా పేలే చాంబరులో తూటా లేకుండా, మ్యాగజైను మాత్రం నింపుకుని నడుస్తారు. అదే సరైన పద్ధతి. అంటే ఆ రెండు మూడు క్షణాల్లోనే భుజం మీద నుంచి దించి, బోల్టు లాగి, తోసి, గురి చూడాలి. పది అడుగుల దూరంలో పొద చీల్చుకుని వచ్చిన జంతువు మీద ఇది జరిగేపని కాదని రైఫిల్ వాడిన వారెవరైనా ఒప్పుకుంటారు. అలాస్కాలోనే 1883 నుంచి 2009 వరకు తుపాకులున్నవారికి ఎలుగులు ఎదురైన 269 ఘటనలను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనం కూడా, ఎలుగు దూకుడుగా మీదికి వచ్చినప్పుడు తుపాకీ కాల్చినవారికీ కాల్చనివారికీ గాయాలైన తీరులో తేడా లేదనే తేల్చింది.

నన్ను అంతకంటే ఎక్కువగా ఆలోచింపజేసేది తప్పిపోయిన తూటా. ఈ తరహా రైఫిల్ గుండు దేనికీ తగలకపోతే రెండు కిలోమీటర్లకు పైగా పోగలదు. అలాస్కాలో ఆ రెండు కిలోమీటర్లలో మనిషి ఉండకపోవచ్చు. మన దగ్గర తోట పక్కన పత్తి చేను, చేను పక్కన తండా, మధ్యలో గొర్లమంద, ఆ మంద వెనక ఒక పిల్లవాడు. తెల్లవారుజామున ఇప్పపూలకు వెళ్ళేవాళ్ళు, వేరుశనగకు కాపలా పడుకున్నవాళ్ళు ఎక్కడెక్కడ ఉంటారో పట్నం నుంచి శనివారం సాయంత్రం కారులో దిగే తోట యజమానికి తెలియదు. వెనక మట్టిగట్టో గుట్టో లేనిచోట .315 కాల్చకూడదని నేను నియమంగా పెట్టుకున్నాను, చదునైన తోటలో ఆ నియమం పాటిస్తే రైఫిల్ వాడే సందర్భమే రాదు.

12 బోర్ డబుల్ బ్యారెల్ ఇక్కడే ముందుకు వస్తుంది. ఎల్‌జీ, ఎస్‌జీ వంటి పెద్ద గుళ్ళ తూటా పది పదిహేను మీటర్ల లోపల ఒకే ముద్దగా వెళ్ళి తగులుతుంది, తగలనివి కొన్ని వందల మీటర్లలోనే నేలపాలవుతాయి. ఒక గొట్టం తూటా పేలకపోయినా రెండో ట్రిగ్గర్ వేలికింద సిద్ధంగా ఉంటుంది. బోల్టు లాగే పని లేదు. తుపాకీని నడుములో విరిచి మోచేతి మీద వేసుకుంటే లోపల తూటా ఉన్నదీ లేనిదీ పక్కనున్నవారికి కూడా కనిపిస్తుంది. ఇంట్లో పిల్లలు, పొలంలో కూలీలు మసలేచోట ఈ ఒక్క గుణమే నాకు చాలా విలువైనది. దీని లోపాలూ చెప్పాలి. ముప్ఫై మీటర్లు దాటితే గుళ్ళు చెదిరిపోయి జంతువును చంపకుండా గాయపరుస్తాయి, గాయపడిన ఎలుగు ఊరంతటికీ ప్రమాదం. కాబట్టి దూరంగా కనిపించిన దాని మీద ఎన్నడూ పేల్చకూడదు. అలా కనిపించినప్పుడు గట్టిగా అరిచి, టార్చి వేసి, దానికి పోయే దారి వదిలితే చాలావరకు అదే వెళ్ళిపోతుంది.

చట్టం కూడా ఈ వైపే మొగ్గింది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో, ఆత్మరక్షణకు 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న నున్నటి బోర్ (లోపల గాడులు లేని, 12 బోర్ వంటి) తుపాకీకీ, పంట కాపలాకు మందు దట్టించే తుపాకీకీ లైసెన్సు ఇవ్వాలన్నట్టుగా రాశారు. రైఫిల్ అడిగినవారు మాత్రం అది ఎందుకు అవసరమో అధికారికి నమ్మకం కలిగించుకోవాలి. .30-06 స్పోర్టింగ్ రైఫిల్ కూడా ఇషాపూర్‌లోనే తయారవుతుంది. గురిపోటీల మీద ఆసక్తి ఉన్నవారికి అది మంచి ఎంపికే. తోట కాపలాకు మాత్రం .315 విషయంలో చెప్పిన అభ్యంతరాలన్నీ దానికి మరింత ఎక్కువగా వర్తిస్తాయి. .22 రైఫిల్‌తో ఎలుగును ఆపాలన్న ఆలోచన ప్రాణాంతకం. నగరంలో దొరికే చేతిసంచి మిరియాల స్ప్రేను అలాస్కాలో వాడే ఎలుగు స్ప్రేతో పోల్చకూడదు. దాని మేఘం ఏడెనిమిది మీటర్ల దూరం కమ్ముకుంటుంది, దీని ధార అంత దూరం పోదు.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు కాల్చితే ఏమవుతుందని భయపడేవారికి వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ సమాధానం చెబుతుంది. తననో మరొకరినో కాపాడుకోవడానికి సదుద్దేశంతో చేసిన పని నేరం కాదు. అయితే ఆ సమయంలో మనమే ఆ చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఉండకూడదు. అడవిపంది కోసం అడవిలో దూరి, అక్కడ ఎలుగు ఎదురైందని చెప్పుకుంటే రక్షణ ఉండదు. మామిడితోట పాడుచేసిందన్న కారణం అసలే చెల్లదు. చనిపోయిన జంతువు ప్రభుత్వానికే చెందుతుంది కనుక, దానిని కదపకుండా అటవీశాఖకు వెంటనే కబురు చేయాలి.

నిర్వహణ గురించి ఒక్క మాట. వానాకాలంలో తుపాకీని గుడ్డ తొడుగులోనే ఉంచితే తేమ పట్టి తుప్పు వస్తుంది, తుడిచి నూనె పూసి విడిగా తాళంలో పెట్టాలి. ఎన్నికల ముందు పోలీసులు డిపాజిట్ చేయమన్నప్పుడు కూడా నూనె పట్టించాకే ఇవ్వండి, తిరిగి చేతికి వచ్చేసరికి వారాలు గడుస్తాయి.

ఇప్పుడు లైసెన్సు లేనివారు ముందు తెలుసుకోవలసినవి ఇవి. నగరంలో నివసించేవారు తమ పరిధిలోని పోలీసు కమిషనర్‌కు దరఖాస్తు చేయాలి, 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం భద్రతా శిక్షణ పూర్తిచేసిన పత్రం జతపరచాలి. 2019 సవరణ తరువాత ఒకరి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు, లైసెన్సు గడువు ఐదేళ్ళు. చాలామందికి తెలియని నిబంధన మరొకటి వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్‌లో ఉంది: అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు సమ్మతి ఉండాలి. అక్కడ నివసించే పాత లైసెన్సుదారులు కూడా తమ పేరు నమోదు చేయించుకోవాలి. పైగా అభయారణ్యంలోకి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో ప్రవేశించకూడదు. శ్రీశైలం రోడ్డు మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండానే సాగుతుంది కనుక, కారు డిక్కీలో తుపాకీ పెట్టుకుని ఆ దారిన వెళ్ళడం కూడా ఈ నిషేధం కిందికి వస్తుంది. మీ తోట సర్వే నంబరు అభయారణ్యం హద్దుకు ఎంత దూరమో అటవీశాఖ కార్యాలయంలో రాయించుకున్న తరువాతే దుకాణంలో బయానా ఇవ్వండి.