సంతకం కొయ్యని ఫ్రేముల కొట్టు

దేవుడి పటాలకు, పెళ్లి ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్లు అమలాపురంలో చాలానే ఉన్నాయి. గడియార స్తంభం సెంటర్ నుంచి లోపలికి వెళ్లే సందులో ఉన్న ఈ చిన్న కొట్టు గురించే ఎందుకు రాస్తున్నానంటే, వీళ్లు బొమ్మ అంచు కోసేముందు అడుగుతారు.

నేను హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. పిల్లల్ని చిత్రకారుల పేర్లు చెప్పమంటే రవివర్మ, బాపు, పికాసో అంటారు. ఆడవాళ్ల పేరు ఒక్కటీ రాదు. అందుకే క్లాసు గోడ నిండా ఆడవాళ్లు వేసిన బొమ్మలే పెట్టాలనుకుని ఈ కొట్లోనే ప్రింట్లు తీయించాను.

మొదటిది డచ్ చిత్రకారిణి జుడిత్ లీస్టర్ తనను తాను వేసుకున్న చిత్రం. 1630 ప్రాంతంలో వేసింది. కుంచె చేత్తో పట్టుకుని, పని మధ్యలో మనవైపు తిరిగి నవ్వుతూ ఉంటుంది. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ వాళ్లు దీని ఫైలు ఉచితంగానే ఇస్తున్నారు. ఈవిడ తన పేరులోని అక్షరాల పక్కన ఒక నక్షత్రం గీసి సంతకం పెట్టేది. అయినా ఆవిడ పోయాక, ఆ బొమ్మల్ని ఫ్రాన్స్ హాల్స్ అనే చిత్రకారుడివిగా చెప్పుకున్నారు. 1893లో, హాల్స్ బొమ్మగా అమ్ముడైన ఒకదాని మీద ఆ సంతకం బయటపడింది. వందేళ్ల తర్వాత, 1993లో, హార్లెమ్‌లో హాల్స్ పేరుతో ఉన్న మ్యూజియంలోనే ఈవిడకు ప్రత్యేక ప్రదర్శన పెట్టారు. సంతకం ఉన్నా చూసే కన్ను లేకపోతే ఇంత అన్యాయం జరుగుతుందా అని నాకు ఇప్పటికీ బాధే. ప్రింటు మాత్రం చక్కగా వచ్చింది. మణికట్ల దగ్గర లేసు ఎంత స్పష్టంగా ఉందంటే, వాళ్లమ్మ నర్సాపురం లేసు అల్లే పిల్ల ఒకతి దగ్గరికెళ్లి చాలాసేపు చూసింది.

రెండోది స్వీడన్ చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ 1907లో వేసిన పది పెద్ద చిత్రాల్లో ఒకటి. అసలు బొమ్మ ఎత్తు మూడు మీటర్ల పైనే. తను పోయాక ఇరవై ఏళ్ల దాకా ఈ బొమ్మలు ఎవరికీ చూపించొద్దని చెప్పి, 1944లో కన్నుమూసింది. 2018లో న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ప్రదర్శన పెడితే ఆరు లక్షల మందికి పైగా వచ్చారు. దీని లేత ఊదా రంగు ముందు గులాబీలోకి తిరిగిపోయింది. ఓనరు గారు తనే గమనించి, అడగకుండానే మళ్లీ తీసిచ్చారు, డబ్బులు తీసుకోలేదు.

అసలు నేను ఈ కొట్టుకి అభిమానినైంది మా ఆడపిల్లల బొమ్మల దగ్గర. పిల్లలు పేరు ఎప్పుడూ కాగితం అడుగున, అంచుకి ఆనించి రాస్తారు. చాలా చోట్ల మౌంటు, అంటే బొమ్మ చుట్టూ వచ్చే అట్ట, పెట్టేటప్పుడు అర అంగుళం లోపలికి వేసేస్తారు, పేరు కిందికి పోతుంది. ఈయన ఒక్కో బొమ్మా పైకెత్తి, "టీచరుగారండీ, పాప పేరుందండి ఇక్కడ, కనపడేలా ఉంచమంటారా?" అని అడిగారు. పేరు కోసం కింది మౌంటు వెడల్పు మార్చి కట్టారు.

మన కోనసీమ చెమ్మకి అద్దం కింద బూజు పడుతుంది కదా. వీళ్లు బొమ్మకీ అద్దానికీ మధ్య ఖాళీ ఉంచి, వెనక టేపుతో మూసేస్తారు. ఈ వర్షాకాలం దాటాక కూడా గోడ మీదవన్నీ శుభ్రంగానే ఉన్నాయి. లామినేషన్ మాత్రం వద్దనండి, కిటికీ వెలుతురు పడి బొమ్మ కనపడదు.

చెప్పిన రోజుకి ఇవ్వరు, అదొక్కటే లోపం. పండగల ముందైతే ఇంకా ఆలస్యం. బిల్లు కూడా అడిగి రాయించుకోవాలి.

ఇక నేను ఇవ్వబోయే పని మన దగ్గరిదే. చిత్రకారుడు దామెర్ల రామారావు గారు 1925లో, ఇరవై ఎనిమిదో ఏట పోయారు. రాజమండ్రిలో ఆయన పేరు మీద గ్యాలరీ ఉంది కాబట్టి ఆయన్ని ఎరుగుదుం. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారని మా స్టాఫ్ రూమ్‌లో ఒక్కరికీ తెలియదు. పిల్లల్ని ఆ గ్యాలరీకి తీసుకెళ్లి, అక్కడ చూసి వేసిన బొమ్మల్ని ఫ్రేము కట్టిస్తాను. ఆ ఇద్దరి పేర్లూ పెద్ద అక్షరాలతో పైన రాయిస్తాను. మీరు ఈ కొట్టుకి వెళ్తే వాట్సాప్‌లో వచ్చిన ఫొటో కాకుండా అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. మధ్యాహ్నం భోజనాల వేళ మూసి ఉంటుంది.