కోనసీమలో కూర్చుని క్రీటాలో కామిక్ గీసేవాళ్ళ కోసం ఒక రివ్యూ

కంప్యూటర్లో బొమ్మలు గీసే ప్రోగ్రాం క్రీటా గురించి ఎవరిని అడిగినా ముందు బ్రష్‌ల గురించే చెబుతారు. బ్రష్‌లు బాగుంటాయి, ప్రోగ్రాంతో పాటే వందకు పైగా వస్తాయి, అందులో తేడా లేదు. కానీ సొంత కథని, సొంత ఖర్చుతో, ఎవరూ అడగకపోయినా నెలల తరబడి గీసేవాళ్ళకి కావాల్సినవి వేరే ఉన్నాయి. నలభయ్యో పేజీ గీస్తున్నప్పుడు మూడో పేజీలో నాయిక ఓణీ మీద ఏ డిజైన్ వేశామో వెంటనే దొరకాలి. కరెంటు పోతే పని పోకూడదు. తెలుగు అక్షరాలు సరిగ్గా కూర్చోవాలి. చివరికి రాజమండ్రిలో ప్రెస్సుకి ఫైలు పట్టుకెళితే అది పుస్తకంగా బయటికి రావాలి. నేను క్రీటాని ఈ లెక్కలోనే చూశాను, అందుకే ఈ రివ్యూ కాస్త పొడుగ్గా ఉంటుంది.

నా కామిక్ 1986 ఆగస్టు వరద మీద. ఆ నెల 16న ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది, ఇప్పటికీ మా లంకల్లో ఎంత వరదొచ్చినా ఎనభై ఆరుతోనే పోల్చి చెప్పుకుంటారు. కథలో ఒక పంటు (రేవు దాటించే పెద్ద పడవ) నడిపే సరంగు, ఆయన కూతురు, వాళ్ళ పాడి గేదెలు. ఈ కథని ఎలా విడగొట్టాలో గోదావరే చెప్పింది. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇక్కడ పుట్టినవాళ్ళకి ఈ మూడు మాటలు వింటే ఇంట్లో ఏం సర్దాలో, పశువుల్ని ఎప్పుడు గట్టెక్కించాలో తెలిసిపోతుంది. కాబట్టి మూడు హెచ్చరికలకి మూడు భాగాలు. ప్రెస్సులో ఒక పెద్ద షీటు రెండు వైపులా అచ్చయ్యే పేజీల్ని కలిపి ఫారం అంటారు. డెమ్మీ 1/8 అనే పుస్తకం సైజుకి ఒక ఫారం అంటే 16 పేజీలు, కనుక భాగానికి ఒక ఫారం, మొత్తం 48 పేజీలు. కామిక్ మొదలుపెట్టే ముందు పేజీల సంఖ్యని ఇలా ఫారంతో ముడిపెట్టుకోండి అని అందరికీ చెబుతాను. 51 పేజీల కథ రాసుకుంటే చివర్లో ఆ మూడు పేజీల దగ్గర ఖర్చూ పెరుగుతుంది, తలనొప్పీ పెరుగుతుంది.

ఇక క్రీటాలో నాకు అన్నిటికంటే నచ్చింది చాలామంది తెరిచి కూడా చూడనిది, కామిక్స్ మేనేజర్. మామూలుగా కనిపించదు. సెట్టింగ్స్‌లో పైథాన్ ప్లగిన్ల జాబితాలోకి వెళ్ళి టిక్ పెట్టి, క్రీటాని మూసి మళ్ళీ తెరిస్తే డాకర్లలో (స్క్రీన్ పక్కన తెరుచుకునే చిన్న పలకల్లో) వస్తుంది. ఒక ప్రాజెక్టు పెట్టుకుంటే పేజీలన్నీ చిన్న బొమ్మలతో వరుసగా కనిపిస్తాయి, వాటిని ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు, మన టెంప్లేట్‌తోనే కొత్త పేజీ చేర్చుకోవచ్చు. పేజీ సైజు, అంచులు, కోతకి వదిలే జాగా, లేయర్ల (బొమ్మని విడివిడిగా గీసుకునే పొరల) పేర్లు అన్నీ టెంప్లేట్‌లో ఒక్కసారి పెట్టేస్తే ఇక ప్రతి పేజీకీ ఆ పని ఉండదు. అంతా అయ్యాక స్క్రీన్ మీద చదవడానికి సీబీజెడ్‌గా, ఈపబ్‌గా, ప్రింటు కోసం టిఫ్‌గా ఒక్కసారే ఎగుమతి చేస్తుంది. చెప్పుకోవడానికి చిన్న సంగతిలా ఉంటుంది గానీ, మధ్యలో ఆగిపోయిన కామిక్‌ని మళ్ళీ ఎత్తుకోవడానికి ఇది చాలా పనికొస్తుంది. సార్వా కోతలప్పుడు మా ఇంట్లో ఎవరికీ ఊపిరి తిరగదు, బొమ్మల జోలికి వెళ్ళడం కుదరదు. తిరిగొచ్చి ప్రాజెక్టు తెరవగానే ఏ పేజీ పెన్సిల్ దగ్గర ఆగింది, ఏది ఇంకు అయిపోయింది అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది, ఫోల్డర్లన్నీ వెతుక్కోనక్కర్లేదు.

ఆ ఆగిపోయిన నెలల్లో డబ్బు కూడా పోదు. క్రీటా ఓపెన్ సోర్స్, వాళ్ళ సైటు నుంచి దించుకుంటే ఉచితం. స్టీమ్‌లోనూ మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనూ డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు, ప్రోగ్రాం అదే, ఆ సొమ్ము దాన్ని తయారుచేసేవాళ్ళకి వెళుతుంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు అలా కొనడం న్యాయం అని నేననుకుంటాను. జపాన్ కంపెనీ సెల్సిస్ చేసే క్లిప్ స్టూడియో పెయింట్ కామిక్స్ విషయంలో ఇంకా పదునైనదే, గళ్ళు (ఒక్కో దృశ్యానికి గీసే చట్రాలు) కోయడం, మాటలు రాసే బెలూన్లు, 3డి బొమ్మలు, అన్నీ అందులో చేతికి అందుతాయి. కాకపోతే ఎక్కువ పేజీల పుస్తకాన్ని ఒక్కచోట నడపాలంటే దాని ప్రో వెర్షన్ చాలదు, ఖరీదైన ఈఎక్స్ వెర్షన్ కావాలి. బొమ్మల మీద ఇంకా రూపాయి రాని మనిషికి ఆ భారం మొదట్లోనే ఎందుకు?

బొమ్మ దగ్గరికొస్తే ఫైల్ లేయర్ గురించి చెప్పాలి. నా కథలో పంటు దాదాపు సగం పేజీల్లో ఉంటుంది. దాన్ని ఒక విడి ఫైల్లో శుభ్రంగా గీసి, కావాల్సిన పేజీల్లో ఫైల్ లేయర్‌గా తెచ్చుకుంటాను. రెండో భాగంలో పంటు రెయిలింగ్ వంగిపోయినట్టు చూపించాలనుకుంటే ఆ భాగానికి వేరే ఫైలు. అసలు ఫైలు మారిస్తే దాన్ని వాడిన పేజీలన్నిట్లో మారుతుంది. సఖినేటిపల్లి రేవులో కూర్చుని వేసుకున్న స్కెచ్‌లు, ధవళేశ్వరం కాటన్ మ్యూజియంలో చూసి రాసుకున్న సంగతులు, రాజమండ్రి దామెర్ల రామారావు గ్యాలరీలో మనుషుల నిలువు, కట్టు గమనించి గీసుకున్నవి, అన్నీ ఫొటో తీసి రిఫరెన్స్ టూల్‌తో పేజీ పక్కనే అతికించుకుంటాను. ఇవి పేజీతో పాటే దాచుకునే వీలుంది, కాబట్టి వారం తర్వాత తెరిచినా పక్కనే ఉంటాయి. పాత్రల ముఖాలు, జడ, చెవిపోగులు కూడా ఒక షీటుగా ఇలాగే పెట్టుకోవాలి, లేకపోతే ఇరవై పేజీలయ్యేసరికి అమ్మాయి ముఖం నెమ్మదిగా వేరే అమ్మాయిగా మారిపోతుంది.

స్టోరీబోర్డ్ డాకర్ కూడా ఉంది, క్రీటా 5.0 వెర్షన్ నుంచి. అది యానిమేషన్ కోసం చేసినది, ఒక్కో గడీ టైమ్‌లైన్‌లో ఫ్రేముకి కట్టి ఉంటుంది. గడీల కింద వ్యాఖ్యలు రాసుకోవచ్చు, పీడీఎఫ్‌గా తీసుకోవచ్చు. మొదటి చిత్తుకి నాకు లాంగ్ నోట్‌బుక్కే హాయి.

కంప్యూటర్ మీద ఎంత భారం పడుతుందో లెక్క చెబుతాను, ఎందుకంటే సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్ళు మొదట అడిగేది ఇదే. డెమ్మీ 1/8 పేజీ సుమారు 5.5 x 8.5 అంగుళాలు. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) అది 3300 x 5100 పిక్సెళ్ళు, అంటే నిండా గీసిన ఒక్కో రంగుల లేయరుకి 67 ఎంబీ దాకా మెమరీ. అదే గ్రేస్కేల్ అయితే సగం. 300 డీపీఐ రంగుల పేజీకైతే లేయరుకి 17 ఎంబీలోపే. కాబట్టి లోపలి పేజీలు నలుపు తెలుపులో 600, కవరు మాత్రం రంగుల్లో 300 అనుకుంటే 8 జీబీ ల్యాప్‌టాప్ చాలు. కలరైజ్ మాస్క్ అని గీతల మధ్య రంగు తనే నింపే సదుపాయం బాగుంటుంది గానీ పెద్ద పేజీ మీద బరువుగా నడుస్తుంది. స్క్రీన్ లేని చిన్న పెన్ టాబ్లెట్‌తో మొదలుపెట్టొచ్చు, చెయ్యి వణికే చోట క్రీటా బ్రష్‌కి ఉండే స్టెబిలైజర్ పెడితే గీత నిలకడగా వస్తుంది. ఆటోసేవ్‌ని తక్కువ నిమిషాలకి మార్చుకోండి, వానాకాలంలో మా వైపు కరెంటు సంగతి తెలిసిందే. కంట్రోల్, ఆల్ట్, ఎస్ కలిపి నొక్కితే పాత ఫైలు అలాగే ఉండి కొత్త నంబరుతో ఇంకోటి దాస్తుంది, పేజీలో పెద్ద మార్పు చేసే ముందు అది నొక్కడం అలవాటు చేసుకోండి.

నలుపు తెలుపు ఎందుకంటే ఆఫ్‌సెట్ అచ్చుకి ఒక్కో రంగుకీ విడిగా చేయించే ప్లేట్ల ఖర్చు. మూడు ఫారాలు, షీటుకి రెండు వైపులా, ఒక్క నలుపుకి 6 ప్లేట్లు. మల్టీకలర్ అయితే నాలుగు రంగులకి 24. వరద నీటికీ, మబ్బుకీ చుక్కల షేడ్ బాగా నప్పుతుంది, దానికి క్రీటాలో స్క్రీన్‌టోన్ ఫిల్ లేయర్ ఉంది. ఇది పేజీ అసలు ప్రింటు సైజులోనే వెయ్యాలి, తర్వాత చిన్నది చేస్తే చుక్కలు కలిసిపోయి గళ్ళ చారలు పడతాయి. ఫోన్లో చదివేవాళ్ళ కోసం తీసేటప్పుడు అదే ఫిల్ లేయర్ని మామూలు బూడిద రంగుకి మార్చేస్తే సరి.

అక్షరాల దగ్గర మాత్రం నేను క్రీటాని వదిలేస్తాను. 2023లో వచ్చిన 5.2లో అక్షరాల ఇంజిన్ మొత్తం కొత్తగా రాశారు, చాలా మెరుగుపడింది, అయినా 48 పేజీల మాటల్ని కూర్చడానికి పుస్తకం పేజీలు అమర్చే ప్రోగ్రాం స్క్రైబస్ సుఖం. అదీ ఉచితమే, కొత్త వెర్షన్లు తెలుగు వత్తుల్ని సరిగ్గా చూపిస్తాయి. క్రీటా నుంచి టిఫ్ పేజీలు తెచ్చి, పైన బెలూన్లు, మాటలు అందులో పెడతాను. అక్షరాలకి నూటికి నూరు పాళ్ళు ఒక్క నలుపే ఇవ్వొచ్చు, పీడీఎఫ్ తీసేటప్పుడు ఫాంట్లన్నిటినీ గీతలుగా మార్చమని చెప్పొచ్చు. ఈ రెండోది మనకి ప్రాణం లాంటిది. ఇక్కడి డీటీపీ షాపుల్లో చాలాచోట్ల ఇప్పటికీ పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్, యూనికోడ్ కాని అను ఫాంట్లే. యూనికోడ్ టెక్స్ట్ ఉన్న ఫైలు ఇచ్చి, అక్కడ తెరిచి ఏదైనా మారుద్దామంటే వత్తులన్నీ చెల్లాచెదురు. "ఫైలు అనులో ఉందాండి?" అని అడిగితే, అక్షరాలన్నీ బొమ్మలుగా మార్చేశానండి, ముట్టుకోనక్కర్లేదు అని చెప్పేయొచ్చు.

ఫాంట్లకి మండలి, ఎన్టీఆర్, రామభద్ర లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, అచ్చు వేసి అమ్ముకోవడానికీ లైసెన్సు ఒప్పుకుంటుంది. మాటలకి మండలి, చప్పుళ్ళకీ కేకలకీ దళసరిగా ఉండే రామభద్ర వాడుతున్నాను. ఏ ఫాంటయినా ముందు స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం అని టైపు చేసి చూడండి, అక్కడ నిలబడితే మిగతా చోట్ల నిలబడుతుంది. తెలుగుకి వరసల మధ్య జాగా ఎక్కువ కావాలి, పైవరస వత్తులు కిందివరస గుడులకి తగులుతుంటాయి. మాటలు కూడా పొడుగు. సన్నగా నిలువుగా ఉండే బెలూన్లో "వెళ్ళిపోతున్నారటండి" అన్న ఒక్క మాటే ఇరుక్కుంటుంది, అందుకని గళ్ళు వేసేటప్పుడే అడ్డంగా వెడల్పు బెలూన్లకి చోటు వదలాలి. ఓపికుంటే చేత్తో రాయడమే అందం, నరసాపురంలో పుట్టిన బాపు చేతిరాత ఫాంట్లయ్యేంత ఇష్టపడ్డారు మనవాళ్ళు.

కామిక్‌ని నిలబెట్టుకునే సంగతి కొస్తే, ఫ్రాన్స్ చిత్రకారుడు డేవిడ్ రెవోయ్ 2014 నుంచి తన కామిక్‌ని క్రీటాలో గీస్తూ, అందరికీ ఉచితంగా ఇస్తూ, చదివేవాళ్ళు ఇచ్చే చందాలతో నడుపుతున్నాడు. మనకి అంతమంది పాఠకులు ఒక్కసారే రారు. కానీ ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది, పనిని దాచకుండా చూపించడం. క్రీటాలో రికార్డర్ డాకర్ ఉంది, గీస్తున్నంతసేపూ తీసి చిన్న వీడియో చేస్తుంది. పేజీ ఇంకా పూర్తికాని వారంలో కూడా చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇన్‌స్టాలో ఒక పోస్టుకి 20 బొమ్మల దాకా పెట్టొచ్చు కాబట్టి 16 పేజీల భాగం మొత్తం ఒకే పోస్టులో సరిపోతుంది. ఒక భాగం పూర్తయ్యాకే బయటపెట్టడం మొదలుపెట్టండి, రెండోది గీస్తూ మొదటిది వారానికి కొన్ని పేజీలుగా ఇవ్వండి, చివర్లో భాగమంతా ఒకే పోస్టుగా పెట్టుకోవచ్చు. లేకపోతే ఇంట్లో పెళ్ళో, జ్వరమో వచ్చిన వారం ఆ టెన్షన్‌తోనే బొమ్మ పాడవుతుంది.

నా మార్కులు 5కి 4. తగ్గించినది అక్షరాలకీ, పెద్ద పేజీల మీద బరువుకీ. విండోస్, లినక్స్, మ్యాక్‌లలో దొరుకుతుంది, ఆండ్రాయిడ్ టాబ్లెట్లలోనూ ఉంది. ఐప్యాడ్‌కి లేదు, అది చేతిలో ఉన్నవాళ్ళు వేరేది చూసుకోవాలి.

ప్రెస్సుకి వెళ్ళేవాళ్ళకి ఇంకొక్కటి. యాభై, వంద కాపీలకైతే డిజిటల్ ప్రింట్ చాలు, ప్లేట్ల గొడవ ఉండదు. ఆఫ్‌సెట్‌కి వెళితే మూడు ఫారాలూ ఒకేసారి వదలకుండా మొదటి ఫారం ప్రూఫ్ అడిగి, చీకటి పేజీల్ని వెలుతురుకి పెట్టి చూడండి. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల్లో కాగితం బరువు) మ్యాప్‌లిథో కాగితం మీద నిండు నలుపు వెనక పేజీకి కనపడుతుంది. వరద రాత్రి సన్నివేశాలు ఉన్న నాలాంటి పుస్తకానికి 90 జీఎస్ఎం అడగాలి, సెంటర్ పిన్‌తో 48 పేజీలు ఆ కాగితం మీద కూడా చక్కగా మడతపడతాయి.