కింది సెట్టుకు రెండు ఇంప్లాంట్లు: ఏళ్ల తరబడి వాడాక

కట్టుడు పళ్లలో పై సెట్టు అంగిలికి అతుక్కుని నిలుస్తుంది. కింది సెట్టుకు ఆ ఆసరా లేదు. పైగా నాలుక తోస్తుంటుంది, ఎముక అరుగుతుంటుంది. పళ్లన్నీ పోయిన కింది దవడకు మొదట చూడాల్సింది రెండు ఇంప్లాంట్ల (దవడ ఎముకలో బిగించే లోహపు స్క్రూల) సెట్టేనని 2002లో మెక్‌గిల్ యూనివర్సిటీ సదస్సులో నిపుణులు తేల్చారు. వాడాక నా మాటా అదే. ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి: ఇంప్లాంట్లు సెట్టును లేవకుండా పట్టి ఉంచుతాయంతే, నమిలే బరువు చాలావరకు చిగురే మోస్తుంది.

కోరపళ్ల చోట రెండు వేసి, సుమారు మూడు నెలలు ఎముక పట్టనిచ్చి, పైన లొకేటర్లు, అంటే సెట్టును పట్టే గుండీల్లాంటి లోహపు ముక్కలు, బిగిస్తారు. సెట్టు లోపలి నైలాన్ ముక్కలు వాటిని పట్టుకుంటాయి. నీలం 0.7 కిలోలు, గులాబీ 1.4, తెల్లది 2.3 కిలోల పట్టు. చేతివేళ్లలో బలం తగ్గిన పెద్దవాళ్లు నీలంతోనే మొదలుపెట్టాలి. గట్టి పట్టు అడిగి, తర్వాత సెట్టు తీసుకోలేక అవస్థపడతారు.

లొకేటర్ నడినెత్తిన చిన్న గుంట ఉంటుంది. జామగింజో, పులుసులోని చేప ముల్లు ముక్కో, గారో అందులో చేరితే సెట్టు ఆ పక్క 'టక్' మనదు. నైలాన్ అరిగిందనుకుంటారు గానీ మెత్తని బ్రష్‌తో గుంట శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. సెట్టును బొటనవేళ్లతో నొక్కి పెట్టాలి, కొరికి కూర్చోబెట్టకూడదు. తీసేటప్పుడు రెండు పక్కలా సమంగా లేపాలి. ఒంటిపక్క లాగితే నైలాన్ చిరుగుతుంది. రాత్రి తీసి చల్లనీళ్లలో వేయాలి.

నైలాన్ మార్చిన కొన్నాళ్లకే మళ్లీ వదులైతే తప్పు నైలాన్‌ది కాకపోవచ్చు. వెనక చిగురు దిగిపోయి సెట్టు ముందువెనకలకు ఊగుతుంటే ఎన్ని మార్చినా నిలవవు, రీలైన్ చేయించాలి, అంటే సెట్టు లోపలివైపు చిగురుకు సరిపోయేలా కొత్త పొర వేయించాలి. అది వాయిదా వేస్తే లొకేటర్ దగ్గరే సెట్టు పగులుతుంది.

లొకేటర్లకు బదులు ఇంప్లాంట్లను కలుపుతూ బార్ (లోహపు కడ్డీ) వేయించుకోవచ్చు గానీ దానికి ఎత్తు ఎక్కువ కావాలి, దాని కింద శుభ్రం చేయడమూ కష్టం. నాలుగు ఇంప్లాంట్ల ఫిక్సెడ్ (తీయకుండా బిగించేసిన) పళ్లు నమలడానికి మేలు, ఖర్చు బాగా ఎక్కువ. షుగర్ అదుపులో లేనివాళ్లు, చుట్ట, సిగరెట్ మాననివాళ్లు దేనికీ తొందరపడొద్దు. ఎముకల బలానికి మందులు వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇంప్లాంట్ కంపెనీ, సైజు రాసిన కార్డు అడిగి తీసుకోండి. దానికి సరిపోయే విడిభాగాలు నెల్లూరు, ఒంగోలులో దొరుకుతాయా, మద్రాసు నుంచి తెప్పించాలా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోండి.