వండర్‌లాకి పిల్లలతో వెళ్తున్నారా? ముందు వాళ్ల ఎత్తు కొలవండి

మాకు ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. హైదరాబాద్ దగ్గర రావిర్యాలలోని వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కుకి వెళ్లొచ్చాక, చిన్నపిల్లలున్నవాళ్లు ఎవరడిగినా నేను మొదట చెప్పే మాట ఒక్కటే. బయల్దేరే ముందు పిల్లల్ని చెప్పులు విప్పించి, గోడకి ఆనించి, టేపుతో కొలవండి. అక్కడ లెక్క వయసుతో కాదు, ఎత్తుతో. 85 సెంటీమీటర్లు దాటకపోతే టికెట్టే అక్కర్లేదు. 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్. ఆపైన పెద్దల టికెట్. పెద్ద రైడ్లలో చాలావాటికి కూడా ఆ 140 గీతే హద్దు. మా పాప 116, బాబు 99. ఆ రెండు అంకెలు తెలిశాక మా రోజు ఎక్కడ గడుస్తుందో సగం తెలిసిపోయింది. ఏవి ఎక్కొచ్చో, ఏవి ఎక్కకూడదో పిల్లలకి కారులోనే చెప్పేశాం. గేటు దాటి అంత పెద్ద రైడ్లు కళ్లతో చూశాక చెబితే ఇంక ఏడుపే.

నేను లిఫ్టుల సర్వీసింగ్ చేస్తాను. వనస్థలిపురం, బీఎన్ రెడ్డి నగర్ వైపు అపార్ట్‌మెంట్లు ఎక్కువగా నేనే చూస్తాను. మనుషుల్ని ఎక్కించుకుని కదిలే మెషీన్ ఏదైనా సరే, దాని రంగులూ లైట్లూ చూడకముందే నా కళ్లు లాకు మీదకి పోతాయి. తలుపు లాకు పూర్తిగా పడితే తప్ప లిఫ్టు కదలకూడదు. మా పనిలో మొదట నేర్పేది అదే. పోయినేడు ఒక జాతరలో జెయింట్ వీల్ ఎక్కబోతే, పెట్టె తలుపుకి గొళ్లెం లేదు. బైండింగ్ వైరు మెలిపెట్టి ఉంచారు. పిల్లలు ఎంత గోల చేసినా దించేసి తీసుకొచ్చేశాను. అప్పటినుంచి వాళ్లని ఏ రైడ్ ఎక్కించాలన్నా నాకు టెన్షనే.

అందుకే వండర్‌లాలో రైడ్ల కంటే వాటిని నడిపే కుర్రాళ్లనే ఎక్కువ గమనించాను.

ఒక క్యూలో మా ముందు ఒకాయన కొడుకుతో నిలబడ్డాడు. ఎత్తు బోర్డు దగ్గర ఆ పిల్లాడు మునివేళ్ల మీద లేచినా గీతకి రెండు వేళ్లు తక్కువే ఉన్నాడు. "కొంచెమే కదా తమ్ముడూ, నా ఒళ్లో కూర్చోబెట్టుకుంటా" అన్నాడాయన. ఆపరేటర్‌కి మహా అయితే ఇరవై మూడేళ్లుంటాయి. "కుదరదు సార్, బాబుకి ఇది వద్దు" అన్నాడు. వెనకనుంచి ఎవరో "పోనీలే, ఎక్కించెయ్ భయ్యా" అన్నారు. పిల్లాడు ఏడుపు అందుకున్నాడు. అయినా ఆపరేటర్ గొంతు పెంచలేదు, మాట మార్చలేదు. కిందికి వంగి, పిల్లల రైడ్లు ఎటు ఉన్నాయో ఆ బాబుకే వేలు పెట్టి చూపించి పంపించాడు. క్యూలో కొందరికి అది మొండితనంలా అనిపించి ఉంటుంది. నాకైతే ఆ అబ్బాయికి దండం పెట్టాలనిపించింది.

ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఏమవుతుందో చాలామందికి తెలియదు, కాబట్టి చెబుతాను. తొడల మీదకి వాలే కడ్డీ ఇద్దరికీ కలిపి ఒకటే అయితే, అది లావుగా ఉన్నవాళ్ల తొడ తగలగానే ఆగిపోతుంది. పిల్లాడికీ కడ్డీకీ మధ్య జానెడు ఖాళీ మిగిలిపోతుంది. బండి ఒక్కసారిగా కిందికి జారినప్పుడు ఒళ్లు సీట్లోంచి తేలుతుంది కదా, అప్పుడు మనిషిని పట్టి ఉంచాల్సింది ఆ కడ్డీయే. ఎంత బలమున్న తండ్రైనా ఆ ఊపులో ఇరవై కిలోల పిల్లాణ్ణి చేతులతో ఆపలేడు. భుజాల మీదుగా దిగే రకం అయితే పొట్టి పిల్లలకి భుజానికి ఆనదు, మెడకో ముఖానికో తగులుతుంది. ఎత్తు గీత పెట్టింది ఇందుకు. అక్కడ మనం ఎంత డబ్బు కట్టామన్నది లెక్కలోకి రాదు, రాకూడదు కూడా.

కడ్డీలు పడ్డాక ఒకతను ప్రతి సీటు దగ్గరికీ వచ్చి, కడ్డీని చేత్తో పైకి లాగి చూశాడు. చివరి సీటు కూడా చూసి బొటనవేలు ఎత్తాకే రెండో అతను బటన్ నొక్కాడు. క్యూ ఎంత పెరిగినా ఒక్క సీటూ వదల్లేదు. లిఫ్టుల పనిలోనూ అంతే, ప్యానెల్ మీద లైటు వెలిగినా సరే, లాకుని చేత్తో లాగి చూస్తేనే మాకు నమ్మకం.

రికాయిల్ అనే రోలర్ కోస్టర్ మా ఆవిడ ఒక్కతే ఎక్కింది. నేను పిల్లలతో కింద ఉండిపోయాను. బండిని మొదట వెనక్కి లాగుతూ ఎత్తుకి తీసుకెళ్లి వదిలేస్తారు. అది దూసుకెళ్లి, తలకిందులుగా తిరిగి, అవతలి ఎత్తు ఎక్కి, మళ్లీ అదే దారిలో వెనక్కి వస్తుంది. వాళ్లమ్మ అరుపు గుర్తుపట్టి మా పాప ఒకటే మురిసిపోయింది. ఆ వెంటనే "నేనింకా ఎంత పెరగాలి నాన్నా?" అని అడిగింది. ఇరవై నాలుగు సెంటీమీటర్లు. ఈ వయసు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు కాబట్టి ఇంకో నాలుగైదేళ్లు. ఇంటికొచ్చాక తలుపు ఫ్రేము మీద 140 దగ్గర పెన్సిల్‌తో గీత గీయించుకుంది.

మరి 140 లోపు వాళ్లకి ఏముంది? పిల్లల కోసం వేరే రైడ్లు ఒకచోట ఉన్నాయి. రంగులరాట్నం, చిన్న ఓడ ఊయల, కూర్చున్న సీటు కప్పలా ఎగిరెగిరి దిగే రైడ్ లాంటివి. మా బాబు ఆ కప్ప రైడ్ వదిలి రానన్నాడు. పాప అయితే వాటితో తొందరగానే విసిగిపోయింది. ఏడెనిమిదేళ్ల పిల్లలది నడిమధ్య వయసు. చిన్నవి చప్పగా ఉంటాయి, పెద్దవి అందవు. అలాంటి పిల్లలుంటే రోజులో ఎక్కువ భాగం నీళ్లకే ఉంచండి.

నీళ్లలోకి దిగాక మాత్రం ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. చిన్నపిల్లల పూల్లో లోతు తక్కువ కాబట్టి నేను గట్టు మీద కూర్చుని చూసుకున్నాను. వేవ్ పూల్లో నేల ఒడ్డు నుంచి వాలుగా దిగుతుంది, అలలు ఆగి ఆగి వస్తాయి. పిల్లలతో ఒడ్డు దగ్గరే ఉండండి, చెయ్యి వదలకండి. గార్డులు ఉన్నారని మనం ఫోను చూసుకుంటూ కూర్చోకూడదు. రెయిన్ డాన్స్‌లో మీద పడేవి గోరువెచ్చటి నీళ్లు. అప్పటికే వణుకుతున్న మా బాబు అక్కడ చేరాక కుదుటపడ్డాడు. నీళ్ల రైడ్లు సాయంత్రం ముందే మూసేస్తారు. మధ్యాహ్నం భోజనం అవగానే అటు వెళ్లిపోవడం మంచిది.

బట్టల సంగతి ముందే చూసుకోండి. కాటన్ బట్టలతో, జీన్స్‌తో, చీరతో నీళ్లలోకి రానివ్వరు. నైలాన్ లాంటి స్విమ్మింగ్ బట్టలే వేసుకోవాలి. కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, దాని పీచు ఫిల్టర్లలో చేరుతుంది. లోపల షాపులో అమ్ముతారు గానీ, నలుగురికీ అక్కడే కొంటే జేబు ఖాళీ. ముందురోజు దిల్‌సుఖ్‌నగర్‌లో కొని పెట్టుకున్నాం, పిల్లలు రాత్రే తొడిగి చూసుకున్నారు. తువ్వాళ్లు, పొడి బట్టలు, లాకరుకి విడిగా కొంత డబ్బు, ఇవి మర్చిపోవద్దు.

మా అత్తమ్మ కూడా వచ్చారు. చీరతో దిగనివ్వరని చెబితే "నాకెందుకు నాయనా, నేను సంచులు చూసుకుంటా" అని నీడలో కూర్చున్నారు. అరవై దాటినవాళ్లకి టికెట్‌లో తగ్గింపు ఉంటుంది, వయసు చూపించే కార్డు తీసుకెళ్లండి. అయితే పెద్దవాళ్లని తీసుకెళ్లేముందు ఒకటి ఆలోచించండి. ఇది దాదాపు 50 ఎకరాల జాగా. నడక బాగా ఉంటుంది.

బయటి తిండి లోపలికి రానివ్వరు. అత్తమ్మ చేసిన పులిహోర కారులోనే ఉండిపోయింది, తిరుగు ప్రయాణంలో తిన్నాం. లోపల హోటళ్లు ఉన్నాయి. పిల్లలకి ఆకలి ముదరకముందే ఒంటిగంట లోపు తినిపించేస్తే క్యూ తప్పుతుంది.

వీ-గార్డ్ స్టెబిలైజర్లు చాలామంది ఇళ్లలో ఉంటాయి. ఆ కంపెనీ పెట్టిన కొచౌసెఫ్ చిట్టిలప్పిళ్లే ఈ పార్కులూ మొదలుపెట్టారు. 2000లో కొచ్చిలో, 2005లో బెంగళూరులో, 2016లో మన రావిర్యాలలో. కొన్ని రైడ్లని కొచ్చిలో వాళ్లే తయారుచేసుకుంటారు. మెషీన్ చేసినవాళ్లే నడుపుతుంటే విడిభాగం కోసం వారాల తరబడి ఎదురుచూసే పని తగ్గుతుంది. నా పనిలో రోజూ పడే తిప్పలు అవే కాబట్టి ఈ విషయం నాకు బాగా నచ్చింది.

దారి సులువే. ఎల్బీ నగర్ వైపు వాళ్లు సాగర్ రోడ్డు పట్టుకుని తుర్కయంజాల్ దాటి, బొంగులూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే తర్వాతి ఎగ్జిట్టే రావిర్యాల, 13వది. ఔటర్ మీదకి బైకులు రానివ్వరు, బండి మీద వెళ్లేవాళ్లు సర్వీసు రోడ్డులో వెళ్లాలి. పార్కు పదకొండుకి తెరుస్తారు. ఆదివారాలు, వేసవి సెలవులు వదిలేసి మామూలు రోజు చూసుకుంటే చిన్నపిల్లలతో క్యూల్లో నిలబడే బాధ తగ్గుతుంది.

మీ పిల్లలకి ఇంకా మూడేళ్లు నిండకపోతే మాత్రం నా సలహా, ఈ పార్కుకి ఇంకో రెండేళ్లు ఆగండి. ఎత్తు 85 లోపే, టికెట్ అక్కర్లేదు కదా అని తీసుకెళ్తే రోజంతా వాళ్లని ఎత్తుకుని తిరగడమే అవుతుంది. ఆ వయసుకి బహదూర్‌పురాలో నెహ్రూ జూ పార్కు మేలు. ఏనుగునీ పులినీ చూపించి, టాయ్ ట్రైన్ ఎక్కించి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేయొచ్చు. జూకి సోమవారం సెలవు, అది చూసుకుని వెళ్లండి.