మూడేళ్లుగా మా బిల్లులు మోస్తున్న కుందేలు

మాది విజయవాడలో మందుల హోల్‌సేల్. గుంటూరు, ఏలూరు, రాజమండ్రిలో బ్రాంచీలు. సాఫ్ట్‌వేర్ డిపార్ట్‌మెంట్ అంటే నేను, ఇంకో కుర్రాడు. కౌంటర్లో బిల్లు కొట్టగానే స్టాక్ తగ్గాలి, అకౌంట్స్‌లో ఎంట్రీ పడాలి, షాపతనికి ఎస్సెమ్మెస్ వెళ్లాలి. ఇవన్నీ ఇదివరకు బిల్లింగ్ ప్రోగ్రామే వరసగా చేసుకునేది. ఎస్సెమ్మెస్ వాళ్ల సర్వర్ పడుకుంటే మా బిల్లూ పడుకునేది. ఆ బాధ పడలేక మధ్యలో రాబిట్‌ఎంక్యూ పెట్టాం. ఒక ప్రోగ్రామ్ ఇచ్చిన మెసేజీలను క్యూలో, అంటే వరసలో, ఉంచి ఇంకో ప్రోగ్రామ్‌కి అందించే సాఫ్ట్‌వేర్ ఇది.

పెట్టడం పూట పని కూడా కాదు. ముందు ఎర్లాంగ్ (రాబిట్‌ఎంక్యూ రాసిన ప్రోగ్రామింగ్ భాష), దాని మీద రాబిట్‌ఎంక్యూ, మేనేజ్‌మెంట్ ప్లగిన్ ఆన్ చేస్తే బ్రౌజర్లో 15672 పోర్టుకి వెళ్తే అంతా చూపించే స్క్రీన్ వచ్చేస్తుంది. గెస్ట్ అనే లాగిన్ ఆ మెషీన్ మీదే పనిచేస్తుంది, బయట నుంచి రానివ్వదు. అది తెలియక అరగంట పాస్‌వర్డ్ కొడుతూ కూర్చున్నాను.

అసలు కష్టం తర్వాత మొదలైంది. క్యూ డ్యూరబుల్ (సర్వర్ ఆగి లేచినా నిలిచేది) అని పెట్టి నిశ్చింతగా ఉన్నాం. ఒకరోజు కరెంటు పోయి సర్వర్ మళ్లీ లేచాక చూస్తే క్యూ ఉంది, మెసేజీలు లేవు. గిన్నె మిగిలింది, పాలు లేవు. మెసేజీని కూడా పెర్సిస్టెంట్‌గా, అంటే డిస్క్ మీద రాసుకునేలా, పంపాలి. సర్వర్ నుంచి కన్ఫర్మ్ వచ్చేదాకా పంపినట్టు లెక్క వేసుకోకూడదు. అవతల తీసుకున్నవాడు పని పూర్తయ్యాకే అక్నాలెడ్జ్ (అయిపోయింది అన్న కబురు) ఇవ్వాలి. ఈ మూడూ చేశాక ఇప్పటిదాకా ఒక్క బిల్లు పోలేదు. అడిగినంత వరకే మాట నిలబెట్టుకునే రకం ఇది, అడగనిది ఇవ్వదు.

పోయిన మార్చి 31 సాయంత్రం మాత్రం మర్చిపోలేను. ఏలూరు నుంచి ఫోన్: "మేడమ్, బిల్లు సేవ్ కొడితే తిరుగుతానే ఉంది." తర్వాత గుంటూరు. సర్వర్ చూస్తే నడుస్తోంది, ఎర్రర్ ఒక్కటీ లేదు. మేనేజ్‌మెంట్ స్క్రీన్‌లో డిస్క్ గడి ఎర్రగా ఉంది, కనెక్షన్ల పక్కన బ్లాక్డ్ అని ఉంది. అదే డిస్క్ మీద మా ఇంకో ప్రోగ్రామ్ లాగ్ ఫైళ్లు (జరిగిందంతా రాసిపెట్టే ఫైళ్లు) పెంచుకుంటూ పోయింది. ఖాళీ 50 ఎంబీ కంటే తగ్గితే రాబిట్‌ఎంక్యూ కొత్త మెసేజీలు తీసుకోదు. ఉన్నవాటిని మాత్రం అవతలకి ఇస్తూనే ఉంటుంది. పాత లాగ్‌లు తీసేయగానే రీస్టార్ట్ కూడా అక్కర్లేకుండా అదే కదిలింది. తప్పు మాదే. కానీ ఆ 50 ఎంబీ డీఫాల్ట్ నిజం సర్వర్‌కి ఏ మూలకీ రాదు. ఇప్పుడు 5 జీబీ పెట్టాం, ఖాళీ 10 జీబీకి రాగానే మా ఇద్దరి ఫోన్లూ మోగుతాయి.

ఇప్పుడు మూడు మెషీన్ల మీద కోరం క్యూలు నడుపుతున్నాం. అంటే మెసేజీల కాపీలు మూడింట్లోనూ ఉంటాయి, సగానికి పైగా మెషీన్లు నడుస్తుంటేనే క్యూ పనిచేస్తుంది. ఒకటి పోయినా పని ఆగదు, రెండు పోతే ఆగుతుంది. అందుకే రెండు మెషీన్లతో క్లస్టర్ (కలిసి పనిచేసే మెషీన్ల గుంపు) అనుకునేవాళ్లు ఆ డబ్బు దాచుకోవడం మేలు. మూడింట్లోనూ ఎర్లాంగ్ కుకీ అనే రహస్య పదం ఒకటే ఉండాలి, లేకపోతే ఒకదాన్నొకటి పలకరించుకోవు. ఇలా కాపీలు ఉంచే పాత రకం, మిర్రర్డ్ క్యూలు, రాబిట్‌ఎంక్యూ 4.0 వెర్షన్‌లో తీసేశారు. ఉన్న క్యూ రకం మార్చడానికి వీల్లేదు, కొత్తది చేసుకుని మెసేజీలు అందులోకి మళ్లించాలి. మాకు రెండు రాత్రులు పట్టింది.

రాబిట్‌ఎంక్యూకి ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. ఆ ఒక్కటీ లాగ్‌ల కోసం తగ్గించాను. ఏదైనా తేడా వస్తే ఎర్లాంగ్ బ్రాకెట్లన్నీ గుమ్మరిస్తుంది, అందులో మనకి కావలసిన లైను వెతుక్కోవాలి.

డెడ్ లెటర్ క్యూ తప్పకుండా పెట్టుకోండి. అకౌంట్స్ ప్రోగ్రామ్ వద్దన్న మెసేజీలు మాకు అందులోకి వెళ్తాయి. పొద్దున్నే టీ తాగుతూ దాన్ని చూడటం మా కుర్రాడి డ్యూటీ. మొన్న నాలుగు ఉన్నాయి, నాలుగూ ఒకే షాపువి. జీఎస్టీ నంబర్లో సున్నా బదులు ఇంగ్లిష్ O అక్షరం కొట్టారు.